మొగులమ్మకు ఇవ్వాల్సిన పాట

ఎవరికీ వినబడని పాట దేవుడికైనా వినబడుతుందా అన్న అనుమానం వనజకు ఏళ్లుగా ఉంది. ఆ మాట ఎవరినీ అడగలేదు. పూజారిని అడిగితే దేవుడికి వినబడనిది ఏముందమ్మా అని నవ్వుతాడు, భర్త ప్రభాకర్‌ను అడిగితే నీకు పని తక్కువై ఆలోచన ఎక్కువైంది అంటాడు, రెండూ జవాబులే కానీ తనకు కావలసినవి కావు. పొద్దున్నే దీపం వెలిగించి చేతులు జోడించినప్పుడల్లా ఆ అనుమానం కూడా పక్కనే వచ్చి కూర్చుంటుంది, వద్దన్నా పోదు, అలాగని భక్తికి అడ్డమూ రాదు. ఇప్పుడు పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో పటాన్‌చెరు పోయే బస్సెక్కి, ఆధార్ కార్డు చూపించి సున్నా టికెట్ తీసుకొని, కిటికీ పక్కన కూర్చున్నాక కూడా వచ్చింది. రానీ అనుకున్నది వనజ. ఇంట్లో పులిహోర కలిపి మూతపెట్టి వచ్చింది, చాపలు పరిచి వచ్చింది, పటాలకు పూలు పెట్టింది, హారతి పళ్లెంలో కర్పూరం, వత్తులు అన్నీ సర్దింది. సాయంత్రం భజన తమ ఇంట్లోనే. ఆ ఇంటి ఇల్లాలు మాత్రం బస్సులో ఉంది, ఇస్నాపూర్ పోతున్నది, ఎవరికీ చెప్పలేదు. పక్కింటామెకు తాళంచెవి ఇస్తూ ఇప్పుడే వస్తా అన్నది, అంతే.

భజన శనివారం శనివారం ఒక్కొక్కరి ఇంట్లో జరుగుతుంది, ఎవరింట్లో జరిగితే ఆ ఇంటి ఇల్లాలే చివరన మంగళహారతి పాడాలి, మొదటినుంచీ అదే పద్ధతి. గొంతు బొంగురైనా, పాట రెండు ముక్కలే వచ్చినా, జలుబు చేసి ముక్కుతో పాడినా ఎవరూ ఏమీ అనలేదు, ఎందుకంటే ఆ హారతి కచేరీ కాదు, ఆ ఇంటి దీపం. గురువారం నాడు సత్తిబాబు గారు వచ్చేదాకా వనజ అలాగే అనుకున్నది. ఆయన గోదావరి వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్న మనిషి, రిటైరయ్యాక పొద్దంతా హార్మోనియం ముందరే గడుపుతాడు. చెడ్డవాడు కాదు, అదే బాధ, చెడ్డవాడైతే తిట్టుకొని ఊరుకునేది. గుమ్మం బయట చెప్పులు వరసగా విడిచి, ఇచ్చిన మంచినీళ్లు తాగి, గ్లాసు చప్పుడు కాకుండా కింద పెట్టి, ప్రభాకర్ వైపు చూస్తూ వనజకు చెప్పాడు. "అమ్మా, ఏమీ అనుకోకండి. పోయినసారి హారతిలో శ్రుతి బాగా జారిపోయింది. నేను పెట్టె మీద ఎంత పట్టి చూపించినా మీరు అందుకోలేదు. ఈసారికి మా కోడలు ఇంద్రజ పాడుతుంది లెండి, తను నేర్చుకున్న పిల్ల కదా. మీరు పళ్లెం పట్టుకుంటే చాలు." ప్రభాకర్ గోడమీది క్యాలెండర్‌లో ఏదో వెతుకుతూ, "మంచిదే గద, వనజకు గూడ జెర ఆరాం దొరుకుతది" అన్నాడు. పళ్లెం పట్టుకుంటే చాలు. వంట చేస్తే చాలు, చాపలు పరిస్తే చాలు, పళ్లెం పట్టుకుంటే చాలు. దేవుడు కూడా ముందర శ్రుతిపెట్టె పెట్టుకొని కూర్చుంటాడా, తప్పితే చెవులు మూసుకుంటాడా, అలా అయితే పసిపిల్లలు అమ్మా అని అరిచినప్పుడు ఏ శ్రుతిలో అరుస్తున్నారని తల్లి చూస్తుంది?

శ్రుతి జారిందన్నది అబద్ధం కాదు. సంగారెడ్డిలో చెవుల డాక్టర్ అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకు డబ్బాలు తగిలించి, వినబడితే చెయ్యెత్తమన్నాడు. వనజ చేతులు ఒళ్లో పెట్టుకొని బుద్ధిగా కూర్చున్నది, శబ్దం ఇంకా మొదలుపెట్టలేదనుకున్నది, చాలాసేపటి తర్వాత తెలిసింది అప్పటికే ఎన్నో పోయాయని. లావు శబ్దాలు ఉన్నాయి, సన్నవి పోయాయి అన్నాడు డాక్టర్. పొద్దున పిట్టలు ఎందుకు తగ్గిపోయాయా అనుకునేది, అవి తగ్గలేదన్న మాట. కుక్కర్ కూత కూడా ఆవిరి చూసే తెలుసుకుంటుంది. హార్మోనియం పై మెట్లు నొక్కినప్పుడు సత్తిబాబు గారి వేళ్లు కదలడం కనబడుతుంది తప్ప అక్కడ ఏమీ ఉండదు, ఇక దేన్ని పట్టుకొని పాడాలి, లోపల తను వినే స్వరాన్నే పట్టుకొని పాడుతుంది. ఆ లోపలి స్వరం మాత్రం ఎక్కడికీ పోలేదు, ఎముకల్లో ఉన్నట్టుంది, పళ్లు తోముకుంటున్నా వినబడుతుంది. ఏం పని చేసేవారమ్మా అని అడిగాడు డాక్టర్. మేకుల కంపెనీ అన్నది వనజ. ఇంకేమీ అడగకుండా ఆయన కాగితం మీద రాసుకున్నాడు.

బస్సు కంది దాటింది. దారిపక్కన కొత్తగా లేచిన అపార్ట్‌మెంట్లు, వాటి వెనక ఇంకా మిగిలిన ఒక మొక్కజొన్న చేను, మళ్లీ ప్రహరీ గోడలు, లోపల పొగ గొట్టాలు. ఈ పొద్దున ఇస్నాపూర్ నుంచి, మేకుల కంపెనీలో తనతో పనిచేసిన మొగులమ్మ ఫోన్ చేసినప్పుడు వనజ చింతపండు నానబెడుతున్నది. చెవులు సరిగ్గా లేనివాళ్లు ఎంత గట్టిగా మాట్లాడతారో అంత గట్టిగా మాట్లాడింది మొగులమ్మ, వంటింట్లో ఎవరో లౌడ్‌స్పీకర్ పెట్టినట్టయింది. "ఏందే వనజా, ఉన్నవా సచ్చినవా! నేను పోతున్న. నారాయణఖేడ్, బిడ్డ దగ్గరికి. మా పోరడు దశరథ్ రూం ఖాళీ చేస్తుండు, సాయంత్రం బండి. నా పాట నాకియ్యకుంటనే పోనిస్తవా ఏంది?" ఇయ్యాల మా ఇంట్ల భజన అక్కా అని వనజ గొణిగింది. "భజన మల్ల వస్తది. నేను మల్ల వస్తనా?" అని ఫోన్ పెట్టేసింది. చింతపండు నీళ్లలో చెయ్యి అలాగే ఉండిపోయింది. నవ్వొచ్చింది, తర్వాత నవ్వు రాలేదు. పాడితే శ్రుతి తప్పుతుందని ఒక ఇంట్లో పాట లాక్కుంటున్నారు, పాడలేదని ఇంకో ఇంట్లో బాకీ అడుగుతున్నారు. ఎటు పోవాలో ఆలోచించడానికి ఏముంది అనిపించింది, అయినా పులిహోర కలిపేదాకా ఆగింది, దేవుడి పని సగంలో వదిలే అలవాటు లేదు.

మేకుల షెడ్డు. ఎన్నేళ్లు గడిచినా ఆ షెడ్డు ఇంకా ఒంట్లోనే ఉంది. ఒకవైపు నుంచి తీగ చుట్టలు లోపలికి పోతాయి, మిషన్లు తీగను కోసి, ఒక దెబ్బతో తల చేసి, మేకును ఉమ్మేస్తాయి, అటువైపు పెద్ద పీపాలు రంపపు పొట్టు పోసుకొని ఆ మేకులను తిప్పి తిప్పి మెరిపిస్తాయి. మధ్యలో రేకు బల్ల. బల్లకు ఇటు వనజ, అటు మొగులమ్మ, గుట్టలోంచి తల లేని మేకులు, వంగిన మేకులు ఏరి పక్కకు వేయడం వాళ్ల పని. చప్పుడు అంటే మామూలు చప్పుడు కాదు, అది గాలి స్థానంలో ఉండేది, ముక్కుతో పీల్చుకునేవాళ్లు. సూపర్‌వైజర్ చెవిలో నోరు పెట్టి అరిస్తే ఊపిరి వేడి తగిలేది గాని మాట తగిలేది కాదు. అందరూ చేతులతో, కళ్లతో, మూతి విరుపులతో మాట్లాడుకునేవాళ్లు. ఆ షెడ్డులోనే ఒకనాడు, ఎందుకో తెలియదు, బహుశా ఆరోజు తన తల్లి గుర్తొచ్చి, వనజ నోరు తెరిచి పాడింది. గట్టిగా. ఎంత గట్టిగానంటే మెడ నరాలు లేచేంత. ఎవరూ తల తిప్పలేదు. ఇంట్లో ఆడమనిషి గొంతు గడప దాటొద్దనే అత్త, బస్తీలో పాడితే పిచ్చిదనుకునే జనం, గుడిలో మగవాళ్ల వెనక కూర్చొని చప్పట్లు కొట్టే వరస, అవన్నీ గేటు బయటే ఉండిపోయాయి. ఆ చప్పుడు ఒక దుప్పటి, దాని కింద ఏం చేసినా ఎవరికీ కనబడదు. ఆ రోజు నుంచి షిఫ్టు షిఫ్టంతా పాడింది. బల్ల కంపెనీది, మేకులు కంపెనీవి, తొడుక్కున్న గ్లౌజులు కంపెనీవి, గడియారంలో పొద్దు కూడా కంపెనీదే. గొంతొక్కటే తనది. ఆ గొంతును కూడా ఊరికే ఇంటికి తీసుకుపోతే ఎలా?

మొగులమ్మ కొన్నాళ్లు చూసింది. చూసి చూసి ఒకనాడు తిండి గంటలో టిఫిన్ డబ్బా చేతిలో పట్టుకొని మీదికొచ్చింది. "ఏమే పిల్లా, నేన్నీకేం జేసిన? పొద్దుగాల్నుంచి నా మొకం సూస్కుంట నోరు ఇంతింత తెరిచి తిడ్తున్నవ్. దమ్ముంటే బయటికొచ్చి తిట్టు!" తిట్టలే అక్కా అన్నది వనజ భయపడి. "మరేం జేస్తున్నవ్, ఆవులిస్తున్నవా?" పాడుతున్న. "పాడుతున్నవా? నా మొకం సూసి?" ఎదురుంగ నువ్వే ఉన్నవ్ గదక్కా. మొగులమ్మ నోట్లో అన్నం అలాగే ఉంచుకొని కాసేపు చూసి, తర్వాత పొలమారేదాకా నవ్వింది. "దేవుని పాటనా, సినిమా పాటనా?" దేవునిదే. "అట్లయితే నన్ను సూసి దేవుడనుకుంటున్నవన్నట్టు. అనుకో, తప్పులేదు." ఆ తర్వాత ఆమెకు అదొక ఆట. పాటలకు పేర్లు పెట్టింది, మూతి సున్న చుట్టే పాట, దవడ నొప్పి పాట, ఏడుపు మొహం పాట. మిషన్ల అవతలి నుంచి మూతి సున్నాలా చుట్టి చూపించేది, అంటే ఇయ్యాల అది పాడు అని. వనజ పాడేది. ఒక్క ముక్క వినకుండా ఆ పాటకు తల ఊపిన మనిషి ఈ భూమ్మీద మొగులమ్మ ఒక్కతే. ఒకసారి నాకు వినబడేటట్టు పాడవే అని అడిగింది, సరే అన్నది వనజ. క్యాంటీన్ వెనక, బస్టాప్‌లో, ఒకసారి మొగులమ్మ గదిలోనే తలుపేసుకొని కూడా ప్రయత్నించింది, చప్పుడు లేనిచోట గొంతు లేచేదే కాదు, దుప్పటి లాగేసినట్టు సిగ్గేసేది. రేపు అక్కా అనేది. ఆ రేపు అలా జరిగి జరిగి, షెడ్డు మూతపడి, ఎవరి దారి వాళ్లదయి, ఫోన్‌లో మాత్రం మిగిలింది. నా పాట ఏమాయె? ఇస్త అక్కా. ఎప్పుడిస్తవ్? ఇస్త.

రుద్రారం దగ్గర బస్సు నిలబడిపోయింది. రోడ్డు వెడల్పు పని, ముందర లారీల వరస, కంటికి కనబడినంత దూరం ఎర్ర బ్రేకు లైట్లు. వెనక సీటులో ఒకాయన ఫోన్‌లో పాట పెట్టాడు, చొక్కాకు వెల్డింగ్ నిప్పురవ్వలు చేసిన చిల్లులు, ఒడియా పాటేమో, భాష తెలియదు, ఆడగొంతు ఏదో ఏరు దాటిపోతున్నట్టుంది. ముందు సీటు పెద్దమనిషి వెనక్కి తిరిగి, "ఏయ్, బంద్ కర్! అందరికీ వినిపించాల్నా నీ పాట?" అన్నాడు. ఆయన బెదిరి ఫోన్ మీద చెయ్యి పెట్టాడు. వనజకు తన గొంతు తనకే ఆశ్చర్యమైంది. "ఉండనియ్యన్నా. గంట నుంచి ఈ లారీల హారన్లు వింటున్నం గద, వాటిని బంద్ చెయ్యమన్నవా? గరీబోడు పాట పెట్టుకుంటెనే చెవులు నొచ్చినయా?" పెద్దమనిషి ఏదో సణిగి ముందుకు తిరిగాడు. కండక్టరమ్మ నవ్వింది. వెల్డింగాయన చేతిని మెల్లగా తీశాడు, పాట మళ్లీ వచ్చింది. వనజకు అందులో లావు స్వరాలే అందాయి, డప్పు అందింది, పైనున్న వేణువో ఏదో అందలేదు, అయినా ఆ మనిషి మొహం చూస్తే మిగతాది తెలిసింది. వాళ్ల ఊరు ఎంత దూరమో, అక్కడ ఎవరున్నారో తెలియదు. ఈ బస్సులో ఈ కాసేపు ఆయన కూలీ కాదు, ఎవరికో కొడుకు, ఎవరికో మొగుడు. పాట ఎందుకు అంటే ఇంతకంటే పెద్ద జవాబు ఏముంటుంది? నాట్లేసేటప్పుడు వనజ తల్లి పాడేది, నడుము నొప్పి పాటలో పోతుందని కాదు, నడుము దొరదైనా పాట తనదని. అప్పుడు వనజకు అది తెలియదు, గట్టుమీద కూర్చొని ఆకలేస్తుందని ఏడ్చేది. ఇప్పుడు తెలిసింది. తెలిసి ఇన్నాళ్లూ మేకులకు మాత్రమే పాడింది.

ఇక కూర్చోలేకపోయింది. కండక్టరమ్మ ఇంకా దూరముందమ్మా అంటున్నా దిగింది. దుమ్ము, ఎండ, లారీల మధ్య సందు, దూరంగా ఏదో రసాయనాల వాసన. సంచి చంకలో పెట్టుకొని నడిచింది, ఇస్నాపూర్ వైపు పోయే ఆటో ఒకటి దుమ్ములో కనబడితే అడ్డం నిలబడి ఆపి, నిండా ఉన్నా ఇరుక్కున్నది. బండి వెళ్లిపోయి ఉంటే? వెళ్లిపోతే నారాయణఖేడ్ దాకా పోతాను అనుకున్నది, అనుకొని నిజంగానే పోతానని తనకు తెలిసి ఆశ్చర్యపోయింది. ఫోన్ మోగింది. ప్రభాకర్. "వనజా, ఏడున్నవ్? అందరు వస్తుండ్రు. ఇంద్రజ వచ్చింది, ఏ హారతి పాడాల్నో అడుగుతున్నది." వెనక హార్మోనియం సవరిస్తున్న చప్పుడు, లావు మెట్లే వినబడ్డాయి. ఎప్పుడూ ఆయన మాటకు ఎదురు చెప్పింది లేదు, చెప్పకపోవడమే మర్యాద అనుకున్నది. "ఇస్నాపూర్ పోతున్న. చూడుండ్రి, ఇంద్రజకు చెప్పుండ్రి, పిల్ల మీద నాకేం కోపం లేదు, భజనల ఎన్ని పాటలన్న పాడుమనుండ్రి. హారతి మాత్రం ఈ ఇంటిది. నేనొచ్చెదాక వెలిగియ్యకుండ్రి, నేనే పాడుత." ఆయన మెల్లగా, "సత్తిబాబు గారేమంటడో..." అన్నాడు. "ఏమన్నా అననియ్యుండ్రి. దేవుడేమంటడో అది నేను చూస్కుంట." ఆటోలో పక్కనున్న ఆడవాళ్లు ఆమె వైపు చూసి, మళ్లీ బయటకు చూసి, నవ్వు దాచుకున్నారు.

ఇస్నాపూర్ గల్లీలో రేకుల గదుల వరస ముందర చిన్న ట్రాలీ బండి ఇంజన్ ఆన్‌లోనే నిలబడి ఉంది. వెనక మంచం, గ్యాస్ బండ, పరుపు చుట్ట, గిన్నెల గంప, వాటి మధ్య పటాల మూట. మొగులమ్మ డ్రైవర్ పక్క సీటులో కూర్చొని ఉంది, తలుపు తెరిచే ఉంది, చీర కొంగు నడుముకు చుట్టుకొని యుద్ధానికి పోతున్నట్టుంది. సన్నబడింది. కొడుకు దశరథ్ తాళ్లు బిగిస్తున్నాడు. "చిన్నమ్మా, ఇప్పుడొస్తివా? టైమైపాయె, చీకటి పడకముందె పోవాలె. ఫోన్ల మాట్లాడుకోకపోయిండ్రా?" "ఫోన్ల ఇచ్చేది కాదు బిడ్డా" అన్నది వనజ. మొగులమ్మ ఆమెను పైనుంచి కిందికి చూసింది. "వచ్చినవా? వట్టి చేతులతో వచ్చినవా?" "వట్టి చేతులతోనే వచ్చిన అక్కా." ఇంజన్ గుడగుడమంటున్నది. గల్లీ చివర గ్రైండింగ్ మిషన్, ఎవరింట్లోనో టీవీ, పక్క గదిలో ప్రెషర్ పంపు. వనజకు ఆ చప్పుడు అలవాటైన చప్పుడు, హాయిగా అనిపించే చప్పుడు, దాని కింద నోరు తెరిస్తే ఎవరికీ తెలియదు, ఇప్పుడు కూడా అలాగే పాడేయొచ్చు, పాడానని అనిపించుకోవచ్చు. డ్రైవర్ వైపు చూసింది.

"ఇంజన్ బంద్ చెయ్యి."

"ఏందమ్మా?"

"బంద్ చెయ్యి అంటున్న. జెరసేపు. దశరథ్, ఆ గ్రైండింగాయనకు గూడ చెప్పు, రెండు నిమిషాలు ఆపుమని. మీ అమ్మకు నేనొకటి ఇచ్చేదుంది."

డ్రైవర్ తాళంచెవి తిప్పాడు. దశరథ్ ఏమనుకున్నాడో ఏమో, గల్లీ చివరకు పోయి చెయ్యి ఊపాడు. చప్పుడు ఒక్కొక్కటే ఆగిపోయింది, టీవీ ఎవరో ఆపేశారు, పంపు కూడా తనంతట తానే ఆగింది, సాయంత్రపు ఎండలో గల్లీ ఒక్కసారి బట్టలు విప్పినట్టు నిలబడింది. గుమ్మాల్లోకి మనుషులు వచ్చారు. మొగులమ్మ తల పక్కకు తిప్పి బాగున్న చెవిని ఇటు పెట్టింది. వనజ నిటారుగా నిలబడి, ఎవరి వైపూ చూడకుండా, మొగులమ్మ మొహం ఒక్కటే చూస్తూ, తల్లి దీపం వెలిగించేటప్పుడు పాడిన పాట అందుకున్నది.

పొద్దు గూకె తల్లీ, పాలు పొంగె తల్లీ,
సామి రాలేదింక, తలుపు పెట్టబోను.
గాలి లేచె తల్లీ, ఊరు నిదురాయె తల్లీ,
దీపమారనియ్యను, తలుపు పెట్టబోను.

మొదటి చరణంలో గొంతు జీర పోయింది, అది తనకే తెలిసింది. శ్రుతి ఎక్కడుందో చూసుకోలేదు. రెండో చరణానికి వచ్చేసరికి మెడ నరాలు లేచాయి, ఇదే గొంతు, మేకుల మధ్య లేచిన గొంతు, ఇంతదా ఇది, ఇంత దూరం పోతుందా, గోడలకు తగిలి వెనక్కి కూడా వస్తున్నది, ఎవరూ నవ్వడం లేదు, నవ్వినా ఆగేది లేదు. ఆఖరి మాటను ఊపిరి ఉన్నంతసేపు పట్టుకొని వదిలింది. దశరథ్ చేతిలో తాడు అలాగే ఉంది.

మొగులమ్మ కళ్లు తుడుచుకోలేదు, అలాగే కారనిచ్చింది. తర్వాత చెయ్యి చాచి వనజ చేతిని పట్టుకొని, సంతలో సరుకు తీసుకున్నట్టు ఒకసారి గట్టిగా ఊపి వదిలేసింది.

"ముట్టిందే," అన్నది. "నాది నాకు ముట్టింది. ఇగ నువ్వు పో, నేను పోత."